రథం బొమ్మకి ముక్కు పెట్టిన వైనం

పాడైన వస్తువుని ఇంకాస్త పాడుచేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. దాన్ని బాగుచేసి కొంప ముంచినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను. నిదానంగా చెప్పమని అడక్కండి. నిదానం అనేది నాలో ఉండి ఉంటే అసలు చెప్పడానికి కథే ఉండేది కాదు.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి. అప్పటిదాకా నేను రాజమండ్రిలో ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళి ఫొటోలు దిద్దేవాణ్ణి. మొటిమలు తీసెయ్యడం, మెల్లకన్ను సరిచెయ్యడం, పెళ్ళికొడుకు బట్టతల మీద జుట్టు నాటడం. కడియం నర్సరీల్లో కూడా మొక్కలు అంత వేగంగా నాటరు. ఈ ఘనత చూసే ఒక చిన్న మ్యూజియంవాళ్ళు నన్ను పనిలో పెట్టుకున్నారు.

అక్కడ విజయలక్ష్మి మేడమ్ ఉండేవారు. పాత బొమ్మలకీ తాళపత్రాలకీ వైద్యం చెయ్యడం ఆవిడ పని. ఏ వస్తువుకి ఏ జబ్బుందో, ఏం మందు వేశారో ఇరవై ఏళ్ళుగా అట్టకార్డుల మీద పెన్సిల్‌తో రాసుకుంటూ వచ్చారు. పాత వస్తువుల దగ్గర పెన్ను ముట్టుకోరట, సిరా ఒలికితే మరక పోదని. ఆ కార్డులన్నీ ఎక్కించడానికి పైఆఫీసు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒక్కో వస్తువుకి ఒక్కో పేజీ. ఫొటో, దెబ్బ, వైద్యం, అవి ఎక్కించిన రోజు తేదీ. ముందు ఫొటోలు తీసి పెట్టడం, తరవాత కార్డులు చూసి టైపు చెయ్యడం నా వంతు. మేడమ్‌కి కంప్యూటర్ తెర చూస్తే తలనొప్పి. ఆవిడ అటు వచ్చేవారే కాదు. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో.

మొదటి వారంలోనే నన్ను ఒక చెక్కబొమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. పాతకాలపు రథం మీది బొమ్మ, చామరం పట్టుకున్న అమ్మాయి. ముక్కు ఎప్పుడో విరిగిపోయింది. బుగ్గల నిండా పురుగు తొలిచిన బెజ్జాలు.

"సత్తిబాబూ, మూడు నెలల్లో హైదరాబాదు నుంచి మూర్తిగారని పెద్ద నిపుణులు వస్తారు. పెద్ద ల్యాబులో వైద్యానికి మన దగ్గర్నుంచి ఒక్క వస్తువునే సెలెక్ట్ చేస్తారు. ఈ పిల్ల సెలెక్ట్ అవ్వాలి బాబూ. లేకపోతే పురుగు లోపలంతా తినేస్తుంది, వచ్చే వానాకాలం దాటదు," అన్నారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"మీరు బెంగెట్టుకోకండి మేడమ్. నేను చూసుకుంటాను కదండీ," అన్నాను.

పిల్ల, సెలెక్ట్ అనే రెండు మాటలు వినగానే నా బుర్రలో పెళ్ళిచూపులు మొదలైపోయాయి. అందంగా ఉంటేనే కదా ఎంచుకుంటారు అనుకున్నాను. ఆసుపత్రిలో మంచం ఇచ్చేది రోగికి గానీ పహిల్వానుకి కాదన్న ఇంగితం లేకపోయింది. పిల్లని ఫొటో తీసి కంప్యూటర్లో ఎక్కించి, కుర్చీలో కుదురుగా కూర్చోలేక, కాళ్ళు ఊపుకుంటూ ఒక్క పూటలో ఫొటోలో బెజ్జాలన్నీ మొటిమల్లా తుడిచేశాను. ముక్కు దగ్గర ఆగాను. లేని ముక్కుని ఎక్కణ్ణుంచి తేవడం? నా దగ్గర స్టూడియో సీడీ ఒకటి ఉంది. అందులో ఓ పెళ్ళికూతురి ముక్కు సరిగ్గా సరిపోయింది. అతికించి, చెక్క రంగు పులిమి, పాత ఫొటో మీదే సేవ్ కొట్టేశాను. కెమెరాలో చోటు కావాలని అసలు ఫొటో కూడా చెరిపేశాను. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నాకు వినాయకుణ్ణి చెయ్యబోతే అచ్చం వినాయకుడే తయారయ్యాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మూర్తిగారు రానే వచ్చారు. వచ్చీ రాగానే బొమ్మని చూశారు, ముక్కు ఉండాల్సిన చోట వేలు పెట్టి చూశారు. తరవాత కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ పిల్ల పేజీ తెరిచారు.

"ఏంటండీ ఇది? మూడు నెలల కిందటి ఫొటోలో ముక్కు ఉంది. విరిగిందని రాసిన తేదీ మొన్నటిది. అంటే మీ చేతుల్లోనే విరిగిందన్నమాట."

మేడమ్ గబగబా వెళ్ళి అట్టకార్డు పట్టుకొచ్చారు. "లేదండీ, అది వచ్చినప్పుడే విరిగుంది. ఇదిగో, నా కార్డు చూడండి, పదకొండేళ్ళ కిందట రాసింది."

"పెన్సిల్ రాత ఎప్పుడైనా చెరిపి రాయొచ్చు. ఫొటో అబద్ధం చెప్పదు కదండీ." ఆయన తెర దగ్గరికి వంగారు. "ఉండండుండండి. ముక్కుకి రాయి మెరుస్తోంది. ముక్కుపుడక కూడా పోయిందా?"

పుడక తీసెయ్యడం మరిచిపోయాను మహాప్రభో.

"చెక్కబొమ్మకి రాళ్ళపుడక ఎక్కడిదండీ?" అన్నారు మేడమ్ ఏడుపు గొంతుతో.

"అదే నేనూ అడుగుతున్నాను. పోలీసు కంప్లయింట్ ఇచ్చారా?"

అడుసు తొక్కింది నేను, కాళ్ళు కడుక్కోవాల్సి వచ్చింది ఆవిడకి. సిగ్గుతో చచ్చిపోయాను. "అది నేను పెట్టిన ముక్కండీ," అన్నాను.

"మీ మేడమ్‌ని కాపాడ్డానికి అబద్ధాలు చెప్పకోయ్. రుజువుందా?"

సీడీ ఎప్పుడో తిరిగిచ్చేశాను. "పావుగంటలో తెస్తానండి," అని సైకిలెక్కాను. ఆటోలకీ సిటీ బస్సుకీ అడ్డంపడి, తిట్లు తింటూ స్టూడియోలో వాలాను. షోకేసులో ఆ పెళ్ళికూతురి ఫొటో ఫ్రేము కట్టి ఉంది. మేకు నుంచి ఊడబీకాను.

"ఒరేయ్, ఆ ఫొటో నీకెందుకురా?" అని ఓనరుగారు కేకేశారు.

"ముక్కు కావాలండి, సాయంత్రం తెచ్చిచ్చేస్తాను," అంటూనే సైకిలు తొక్కేశాను. ఆయన ఏమనుకున్నారో ఇప్పటికీ అడగలేదు.

రొప్పుతూ వచ్చి ఫ్రేముని తెర పక్కన పెట్టాను. అదే ముక్కు, అదే పుడక, పుడక మీద స్టూడియో లైటు మెరుపు కూడా అదే. మూర్తిగారు ఇటు చూశారు, అటు చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నారు. మేడమ్ మాత్రం కుర్చీలో కూలబడి భోరున ఏడ్చారు. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

చామరం పిల్ల ముక్కు లేకుండానే సెలెక్ట్ అయింది. వెళ్ళేముందు మూర్తిగారు, "జరిగింది కూడా ఈ పేజీలో రాయాలండీ, రికార్డు కదా," అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో నష్టానికి కారణం అని ఒక పట్టీ ఉంటుంది. చెద, తేమ, ఎండ, ఎలుక. వాటిల్లో ఒకటి ఎంచితే గానీ పేజీ సేవ్ అవదు. మేడమ్ తలనొప్పిని కూడా లెక్కచెయ్యకుండా కంప్యూటర్ ముందుకొచ్చి, ఎలుక కింద ఇంకొక కారణం చేర్చి, సేవ్ కొట్టి వెళ్ళిపోయారు.

చాలా ఏళ్ళకి మేడమ్ రిటైరై, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి ఓ రోజు కంప్యూటర్ దగ్గర్నుంచి నోట్సు పుస్తకంతో వచ్చింది.

"సార్, చెదకి మందు తెలుసండి, ఎలుకకి బోను తెలుసండి. ఈ సత్తిబాబు అంటే ఏ జాతి పురుగండీ?"

అందుచేత చదువరులారా, గోదారమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దేవుడు విరిచినదాన్ని విరిగినట్టే ఫొటో తీస్తాను. ఆ అమ్మాయికి మాత్రం, అది ఇప్పుడు లేదమ్మా, అంతరించిపోయింది అని చెప్పాను.