పోగు తెగిన సైగ

సాంచెలు నడిచే షెడ్డులో పక్కవాడు అరిచినా వినపడదు. మరమగ్గాల మోత అది. అందుకని సిరిసిల్లలో నేత పనివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. చెయ్యెత్తి పిడికిలి తెరిచి మూస్తే, పోగు తెగింది, సాంచా ఆపమని. తంగళ్ళపల్లి ఓదెలు మీసం మొలిచినప్పటి నుంచీ ఆ భాషలోనే బతికాడు.

ఓదెలుకు గుండె ఆపరేషన్ అయ్యాక షెడ్డు యజమాని వెంకటేశం, వరసకు బావ, అతని సాంచెలు ఇంకొకరికి అప్పజెప్పాడు. "సాంచెల నడుమ కూలవడితె సత్యవ్వకు నేనేం జెప్పాలె?" అన్నాడు. ఇప్పుడు ఓదెలు భార్య సత్యవ్వ చుట్టే బీడీల మీదే ఇల్లు నడుస్తోంది.

జగిత్యాలలో గుండె రోగులకు కసరత్తు నేర్పి మళ్ళీ పనికి నిలబెట్టే కేంద్రం ఉంది. దానికి చందాల కోసం సైకిల్ యాత్ర పెట్టారు: జగిత్యాల నుంచి కోరుట్ల, అక్కడ మకాం, తెల్లారి సిరిసిల్ల. కోలుకున్నవాడొకడు ముందుండాలన్నారు. అక్కడే కసరత్తు నేర్చిన ఓదెలు ఎగబడి ఒప్పుకున్నాడు. సైకిల్ తొక్కుకుంటూ వచ్చినవాణ్ణి బావ ఎట్లా కాదంటాడు?

చందుర్తి దగ్గర ఎడమ రెక్క గుంజసాగింది. కసరత్తు నేర్పే ప్రవీణ పక్కనే తొక్కుతోంది.

"కాకా, మొఖం గట్ల వాడిందేంది? అంబులెన్స్ ఎక్కుతవా?"

"అండ్లకెల్లి దిగితె సత్యవ్వ గుండె ఆగుతది బిడ్డా. ఒక్క ఇంట్ల రెండు గుండెలా?"

ప్రవీణ నవ్వింది. ఓదెలు నొప్పి మాట ఎత్తలేదు.

సిరిసిల్లలో డప్పులు, జనం. ముందు వరుసలో పూలదండతో వెంకటేశం. ఇంకొంచెం తొక్కితే చాలు. అప్పుడే ఛాతీని ఎవరో మెలిపెట్టినట్టయింది. పిలుద్దామంటే గొంతు రాలేదు. తనకు తెలియకుండానే చెయ్యి లేచింది. పిడికిలి తెరుచుకుంది, మూసుకుంది.

జనం చప్పట్లు కొట్టారు. ప్రవీణ కూడా మురిసి చెయ్యూపింది. దండ పారేసి ఉరికొచ్చింది వెంకటేశం ఒక్కడే.

యాత్ర వెంట అంబులెన్స్‌లో వచ్చిన డాక్టరు నాలుక కింద మాత్ర పెట్టాడు. కాస్త ఊపిరాడగానే ఓదెలు బావ అంగీ పట్టుకున్నాడు.

"ఏం గాలే బావా. జనాన్ని జూసి ఊకెనే చెయ్యెత్తిన."

"గా సైగ నాకు జెప్తున్నవా ఓదెలూ?"

"రేపు పొద్దుగాల్నే పనికస్త. నా సాంచెలు..."

వెంకటేశం కళ్ళు తుడుచుకున్నాడు గానీ మాటివ్వలేదు. అంబులెన్స్ తలుపు మూస్తుండగా ఓదెలు మళ్ళీ చెయ్యెత్తి, అరచెయ్యి అటూ ఇటూ ఊపాడు. పోగు అతికింది, సాంచా నడపమని. చూసినవాడు తిరిగి చెయ్యెత్తడం షెడ్డులో రివాజు.

వెంకటేశం చూశాడు. చేతులు కట్టుకొనే నిలబడ్డాడు.