గొంతు లేని పద్యం

డెబ్బైల చివర్లో హన్మకొండలో మాకు బట్టల దుకాణం ఉండేది. నాన్న మనసు మాత్రం హార్మోనియం మీదే. పద్యనాటకం ఎక్కడ ఆడినా రాజు వేషం మామది, హార్మోనియం నాన్నది. మామ అంటే చుట్టం కాదు, బియ్యం కొట్టు నడిపే నాన్న స్నేహితుడు. పద్యం చివర ఆయన రాగం తీస్తే ముందు వరుసలో వాళ్లు ఊపిరి బిగబట్టేవారు.

ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. నాన్న హార్మోనియాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"ఆపరేషనేమో ఆయనకాయె, నోరు వడిపోయింది ఈయనకు" అనేది అమ్మ.

నేను కాజీపేటలో చదివేదాన్ని. మా సంగీతం టీచరు ఆంగ్లో ఇండియన్ ముసలావిడ, రైల్వే వాళ్ల క్లబ్బులో పియానో వాయించేది. ఒకరోజు నాన్నను ఆ క్లబ్బుకు బలవంతాన లాక్కెళ్లాను. ఆవిడ ఐరోపా సంగీత నాటకంలోని పాట ఒకటి పియానో మీద ఎత్తుకుంది. కుడిచెయ్యి ఏడుస్తోంది, ఎడమచెయ్యి యుద్ధం చేస్తోంది, మధ్యలో వేళ్లు వానలా కురుస్తున్నాయి. నాన్న నోరు తెరుచుకుని చూశాడు.

"పాడేటామె ఏది టీచరమ్మా?" అని అడిగాడు.

ఆవిడ నవ్వి రెండు చేతులూ ఎత్తి చూపించింది.

అంతే, ఏడాది పాటు ప్రతి ఆదివారం ఆవిడ దగ్గరికి పరుగు. మామ పద్యాన్ని పియానో మీద నిలబెట్టాలన్నది నాన్న పంతం. క్లబ్బు వార్షికోత్సవంలో వాయించమన్నారు. నాన్నకు చెప్పకుండా మామను పిలవడానికి కొట్టుకు వెళ్లాను.

"నేనొచ్చి ఏం జేస్త బిడ్డా, మూగోన్ని" అన్నాడు గుసగుసగా.

"జర వచ్చి కూసో మామా, చాలు" అన్నాను. వస్తాడన్న నమ్మకం లేదు. వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు.

నాన్న పియానో ముందు కూర్చోగానే ఎడమచెయ్యి అలవాటుగా ముందుకు పోయి అక్కడ లేని హార్మోనియం తిత్తిని ఊపింది. జనం గొల్లున నవ్వారు. సర్దుకుని, మూడో వరుసలో మామను చూసి మొదలుపెట్టాడు. రాగం బాగానే ఎత్తుకుని, పద్యం అందుకోవాల్సిన చోట ఆగిపోయాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. మరిచిపోయాడనుకుని ఎవరో జాలిగా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మరిచిపోలేదు. నాటకంలో హార్మోనియం రాగం అందించి, పాడేవాడికి దారి వదలాలి. ఇరవై ఏళ్ల అలవాటు. ఆయన మామ కోసం ఆగుతున్నాడు.

ఆ సంగతి ఆ హాల్లో తెలిసిన రెండో మనిషి మామ. లేచి స్టేజీ ఎక్కి, నాన్న పక్కన నిలబడి చెవిలో ఏదో చెప్పాడు. ఏమన్నాడో తర్వాత నాన్నే చెప్పాడు.

"ఆగకు బావా. నా జాగల గూడ నువ్వే వాయించు."

నాన్న వాయించాడు. ఎడమచెయ్యి రాగాన్ని మోస్తుంటే కుడిచెయ్యి పద్యం పాడింది. మామ పెదవులు ఒక్కో మాటకూ కదులుతూనే ఉన్నాయి. నేను ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

చివరి రాగం దగ్గర చిక్కు వచ్చింది. హార్మోనియంలో మెట్టు నొక్కి ఉంచితే స్వరం ఎంతసేపైనా నిలుస్తుంది. పియానోలో నిలవదు, కొట్టగానే సన్నగిల్లిపోతుంది. నాన్న ఆ ఒక్క మెట్టునే గబగబా కొట్టడం మొదలుపెట్టాడు. మామ కళ్లు మూసుకుని, నిండా ఊపిరి పీల్చి, నాన్న భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదిలేదాకా నాన్న ఆ స్వరాన్ని చావనివ్వలేదు.