జవాబిచ్చిన గోడ

ఆ రోజుల్ల పెద్దలు "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అంటుండిరి గని, ఒకలు కట్టిన ఇంటిని ఇంకొకలు కొని చూడుండ్రి అని మాత్రం ఎవ్వలూ అన్లే. అనుంటే మా ఆయన జర భయపడుతుండె, నాకు ఈ కథ చెప్పే పని తప్పుతుండె. నేను ఇస్లాపూర్ల పుట్టి పెరిగినదాన్ని. ఇరవై ఏండ్లు నిండీ నిండక ముందే పెండ్లయి నాందేడ్‌కు అచ్చిన. మా బావ ఇంట్ల రెండర్రలు, ఒక్కటే పొయ్యి. ఆ పొయ్యి నా యారాలిది, అంటే మా బావ పెండ్లాంది. మనిషి మంచిదే పాపం, గని పొయ్యి దిక్కు మాత్రం నన్ను రానియ్యకపోతుండె. "నువ్వు కూసో చెల్లె, నేను జేస్త గద" అనుకుంటనే నా చేతుల్తోని ఒక్కసారి గూడ చాయ్ పెట్టుకోనియ్యలే. (చాయ్‌ల ఇంత అల్లం దంచి ఎయ్యకపోతే నాకు తలకాయ నొస్తది. ఆమెకు అల్లం వాసనే గిట్టదు.) బంగారం అడగలే, చీరలు అడగలే. నాదంటూ ఒక పొయ్యి ఉంటే చాలు దేవుడా అని రోజూ మొక్కుతుంటి.

గంతట్ల గోదారి దిక్కు పాత గల్లీల ఒక ఇల్లు అమ్ముతున్నరని తెలిసింది. వరుస ఇండ్లు, ఒక్క గోడకు అటొకలు ఇటొకలు. ఇంటోళ్లు లాతూర్ పోయిండ్రు, ఎండకాలం సంది తాళమే. వంటింట్ల కిటికీ కింద మట్టి పొయ్యి చూసిన్నో లేదో, నా పానం ఆడనే కూసున్నది. గని మా ఆయన సంగతి మీకు చెప్పాలె. జిన్నింగు మిల్లుల పత్తి చూసే నౌకరి. దూదిని వేళ్ల నడుమ గుంజి గుంజి చూసుడు అలవాటై, లోకంల దేన్నీ గుంజకుండ నమ్మకపోతుండె. వంకాయలు కొన్నా గదే కథ, చెప్పులు కొన్నా గదే కథ. నన్ను చూడనీకి అచ్చిన నాడు గూడ పేపర్ చేతికిచ్చి చిన్న అచ్చరాలు సదివిపిచ్చిండు, కండ్లు మంచిగున్నయో లేవో అని. (నాకు గప్పుడే సమజ్ గావాల్సింది.) "పాత ఇల్లంటే ఎద్దును కొన్నట్టే, పండ్లు చూడకుండ కొంటరా? తెలిసినోన్ని పిలుస్త. ఆయన సరే అంటే సరే, వద్దంటే వద్దు. మల్ల ఏడ్వొద్దు" అన్నడు.

ఆ తెలిసినోడు ఎవరంటే, సర్కార్ల సడకులు, మోరీలు కట్టించి పించన్ తీసుకున్న ఓవర్సీర్ సాబ్. చేతుల ఇత్తడి పొన్ను కట్టె. కనవడ్డదాన్నల్లా దాంతోని కొట్టి చూస్తడని పిల్లలు ఆయనకు టక్‌టక్ సాబ్ అని పేరు వెట్టిండ్రు. అచ్చుడు అచ్చుడే చెంబెడు నీళ్లు నేల మీద గుమ్మరిచ్చిండు. నీళ్లు సక్కగ పోయి మా ఆయన చెప్పుల కింద ఆగినయి. "వాలు మంచిగున్నది" అన్నడు. వంటింట్ల ఊదుబత్తి ముట్టిచ్చిండు. పొగంత మా ఆయన ముక్కులకే పోయింది. "గాలి గూడ మంచిగున్నది" అన్నడు. దూలాన్ని కొట్టి "టేకు బేటీ, నీ మనుమల దాక ఉంటది" అన్నడు. నేను లోపల్లోపల ఎగురుతున్న. ఆఖరికి పక్కింటోళ్లతోని కలిసిన గోడ కాడికి అచ్చిండు. "అస్లీ చీజ్ దీవార్ హై, అసలుది గోడనే. గోడ మాట్లాడుతది బేటీ, ఇనేటి చెవు గావాలె" అని కండ్లు మూసుకోని, చెవు గోడకు ఆనిచ్చి ఒక్కటి కొట్టిండు. టక్.

గోడ మల్ల "టక్" అన్నది.

సాబ్ కండ్లు తెరిచి మా ఆయన దిక్కు కోపంగ చూసిండు. "నేను గాదు సాబ్, చేతులు కట్టుకోనే ఉన్న" అన్నడు ఈయన. సాబ్ ఈసారి రెండు కొట్టిండు. గోడ గూడ రెండు కొట్టి, "ఆలే గ, ఆలే!" అని మరాఠీల అరిసింది. సాబ్ మూడడుగులు ఎన్కకు జరిగిండు. "నా సర్వీసంత గోడలతోనే గడిచింది గని, మరాఠీ మాట్లాడే గోడను నేనేడ చూడలే!" గంతట్లనే పెరటి పిట్టగోడ మీంచి గాజుల చెయ్యి ఒకటి అచ్చింది, ఒక గిన్నె పెట్టింది, మాయమైంది. మా ఆయన ఉరికిపోయి గిన్నె తెచ్చి, వాసన చూసి, వేలు ముంచి నాకి, "పెరుగే" అన్నడు. ఆయనకు గది గూడ తేల్సుకోవాలె మరి!

టక్‌టక్ సాబ్ ఇజ్జత్‌కు దెబ్బ తాకినట్టున్నది. మొఖం ముడుసుకోని తీర్పు చెప్పిండు. "ఒంటి ఇటుక గోడ. గిది గోడ గాదు, పరద. ఈడ తుమ్మితే ఆడ చిరంజీవ అంటరు." మా ఆయన గడ్డం గోక్కున్నడు. ఆయన గడ్డం గోక్కున్నడంటే బేరం పోయినట్టే. నా పొయ్యి పాయె, నా అల్లం చాయ్ పాయె అనుకున్న. "సాబ్, జర గట్టిగ కొట్టి చూడుండ్రి, నడుమ గట్టిగుంటదేమో" అని బతిమిలాడిన. ఆయనకు మస్తు కోపమొచ్చి, ఈ మూల నుంచి ఆ మూల దాక ఆగకుండ టకటక టకటక కొట్టుకుంట పోయిండు.

ఇగ సూడు! గల్లీ గల్లీ లేచింది. "సాప్! సాప్!" అని కేకలు. ఒకలు కట్టె పట్టుకోని, ఒకలు పార పట్టుకోని, ఒకాయనైతే ఒంటి మీద సబ్బు నురుగుతోనే తువ్వాల చుట్టుకోని లోపటికి ఉరికిండ్రు. అందరి ముంగట సగం జడతోని, చేతుల చపాతీల కట్టెతోని పక్కింటామె. కాకూ అంటరు ఆమెను, అంటే చిన్నమ్మ. సాప్ అంటే మరాఠీల గూడ పామే గద. ఆ మాట ఇన్నడో లేదో, సాబ్ ఒక్క దుంకు దుంకి పొయ్యి మీద ఎక్కి నిలబడ్డడు. నేను గల్లీ అందరి ముంగట ఒర్లిన. "దిగుండ్రి సాబ్! నా పొయ్యి! నా పొయ్యి పలుగుతది!"

నా పొయ్యి అన్న మాటకు మా ఆయన గడ్డం మీది చెయ్యి గడ్డం మీదనే ఉన్నది. నన్నే చూస్తున్నడు.

పాము లేదు, ఏం లేదు. కాకూ మాత్రం పామును ఎతుకుతలేదు. ఆ అర్ర, ఈ అర్ర తిరిగి, "వైనీ ఏది?" అని అడిగింది. వైనీ అంటే వదిన. అప్పుడు తెలిసింది మాకు. లాతూర్ పోయిన ఈ ఇంటామెకూ కాకూకూ గోడ మీదనే ముచ్చట్లంట. ఒక్కటి కొడితే పాలకు తోడు గావాలె, రెండు కొడితే చాయ్‌కు రా, ఆగకుండ కొడితే పామో తేలో, కట్టె తీసుకోని ఉరుకు. "ఎండకాలం సంది నా చెవు గోడకే ఉన్నది. వైనీ మల్లొచ్చిందనుకున్న" అని కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. నాకు గూడ ఏడుపచ్చింది. కాకూ నా దిక్కు తిరిగి, "తుమ్హీ యేణార్ కా?" అన్నది. మీరొస్తున్నరా అని.

మా ఆయన నోరు తెరిచిండు. ఆయనకంటే ముందే నేను "ఆలే" అన్న.

ఆలే అంటే అచ్చిన అని. పిలిస్తే పీట మీంచి లేవకముందే మనం "అచ్చిన, అచ్చిన" అంటం గద, మరాఠోళ్లు గూడ గంతే. కాకూ నా చెయ్యి పట్టుకోని ఇడువలే. తొవ్వల మా ఆయన, "నేనింక ఒప్పుకోనే లేదు గద, నువ్వెట్లంటివి?" అన్నడు. "అచ్చిన అని చెప్పినంక మల్ల పోతరా ఎవలన్న?" అన్న. పెరుగు ముంచిన వేలును మల్లొకసారి వాసన చూసుకున్నడు. ఆఖరికి, "పెరుగైతే మంచిగుండె" అన్నడు. ఆయన సరే అనుడు గట్లనే ఉంటది. ఇంట్ల చేరిన నాడు ఆ పొయ్యి మీద పెట్టిన మొదటి అల్లం చాయ్‌కు టక్‌టక్ సాబ్‌ను గూడ పిలిచినం. గిలాసను కూడా గోటితోని కొట్టి చూసినంకనే తాగిండు మహానుభావుడు.

ఆ పరద గోడ ఇంకా నిలబడే ఉన్నది. కాకూ లేదిప్పుడు. ఆమె ఇల్లు చాలా దినాల సంది ఖాళీ. మొన్న పగటీలి పాలు కాచుకుంట కూసున్న, అవతలికెల్లి టక్ అన్నది. నా చెయ్యి నన్నడగకుండనే గోడను కొట్టింది. "ఆలే, ఆలే!" అని అరిసిన గని, ఈ మోకాళ్లు లేవనియ్యాలె గద! ఆలే అని మూడుసార్లన్నా ఇంక పీట మీదనే ఉన్న. మా ఆయన పేపర్‌ల నుంచి తల ఎత్తి, "ఇల్లు కొననీకి ఎవలో గోడ చూస్తున్నరే, నిన్ను పిలుస్తలేరు" అన్నడు. (చిన్న అచ్చరాలు ఇప్పుడు ఆయనకే కనవడవు. నేనే సదివి చెప్పాలె.) "చూడనియ్యుండ్రి" అని గోడ పట్టుకుంట పట్టుకుంట పెరట్లకు పోయి, తోడు గిన్నె పిట్టగోడ మీద పెట్టిన. అవతల ఒక పడుసు పిల్ల నోరు తెరుసుకోని చూస్తున్నది. ఎవరీ ముసలామె, అడగకుండనే పెరుగిస్తున్నదేంది అనుకున్నదో ఏమో. గిన్నె మాత్రం తీసుకున్నది.