డ్రిల్లు మేష్టారి బొటనవేలు

నా చిన్నప్పుడు ఒక మనిషి మీద పెట్టుకున్న కక్షను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆయన మా బడి డ్రిల్లు మేష్టారు. అమలాపురంలో జరిగే పరుగు పందేలకు పిల్లల్ని ఎంపిక చేస్తూ, ఈల ఊదుకుంటూ మాతోపాటే పరిగెత్తేవారు. ఎనిమిదో తరగతి చదువుతున్న నేను అందరికన్నా ముందొచ్చాను. ఆయన వగరుస్తూ వచ్చి, నా మణికట్టు మీద బొటనవేలు నొక్కి నాడి చూశారు. "తప్పి తప్పి కొట్టుకుంటోంది. ఈ పిల్లకి గుండెజబ్బు," అని అందరి ముందూ అనేసి, నా పేరు కొట్టేశారు.

ఆ మాట నాకన్నా ముందే ఇల్లు చేరింది. అమ్మ నన్ను బిందె కూడా ఎత్తనివ్వలేదు. బడిలో ఎవరూ ఆటకు పిలవలేదు. రెండు రోజులు ఏడ్చాను, ఆ తర్వాత కోపం వచ్చింది. మేష్టారి సైకిలుకు గాలి తీసేశాను. కసి తీరలేదు.

రాజోలు ఆసుపత్రిలో నర్సుగా చేసే మా పెద్దమ్మ, ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చింది. సంగతి విని నన్ను కాలువగట్టు మీద పరిగెత్తించి, రెండు వేళ్లతో నాడి పట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఒక్కసారీ తప్పలేదు.

"ఆయన ఎలా చూసేరే?" అంది. చూపించాను.

"బొటనవేలికి సొంత నాడి ఉంటుందే పిచ్చిదానా. ఆయన లెక్కెట్టింది ఆయన గుండెనే."

నా నాడి నేనే చూసుకోవడం అప్పుడే నేర్పింది. వారం రోజులు పరిగెత్తడం, లెక్కపెట్టుకోవడం, ఆయన్ని పదిమందిలో ఎప్పుడు పట్టుకుందామా అని కాచుకోవడం, ఇదే నా పని.

శనివారం డ్రిల్లులో పరిగెత్తి, ఆయన ముందు చెయ్యి చాపాను. బొటనవేలితో చూసి తల అడ్డంగా ఊపారు. "రెండు వేళ్లతో చూడండి మేష్టారండీ," అన్నాను. చూశారు, మళ్లీ మొదటి నుంచి చూశారు. ఆయన చెయ్యి అడిగి పట్టుకుని, నాడి తప్పినప్పుడల్లా పైకి చెప్పాను. "తప్పేది మీదండి," అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. ఆయన మొహం పాలిపోయింది. నా పేరు మళ్లీ రాశారు.

ఆదివారం వచ్చిన పెద్దమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. కంగారుపడింది. "మగాళ్లు ఇలాంటివి తేలిగ్గా తీసేస్తారే. డాక్టరు గారికి చూపించుకోమని నేను చెప్పేనని రేపే చెప్పు," అంది.

"ఆయ్," అన్నాను.

మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. లేని జబ్బు అంటగట్టి నన్ను ఇంట్లో కూర్చోబెట్టాడు కదా, ఉన్న జబ్బుతో కొన్నాళ్లు పరిగెత్తనీ అనుకున్నాను. మూడోరోజు ఎండలో ఆయన ఈల వదిలేసి, గుండె పట్టుకుని నేల మీద కూలబడ్డాక, భయపడి పెద్దమ్మ మాట ఆయనకు చెప్పాను.

మందులు వాడి ఆయన చాలా ఏళ్లు బతికారు. కనిపించినప్పుడల్లా, "నీ మాట వల్లే బతికేనమ్మా," అని పదిమందికీ చెప్పేవారు. నేను తల వంచుకునేదాన్ని, అదంతా వినయం అనుకునేవారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. రోజూ నడిచొచ్చి నాడి చూసుకుంటాను. దాచిన ఆ మూడు రోజులూ గుర్తొస్తాయి. సిగ్గుపడాలని తెలుసు. పూర్తిగా మాత్రం సిగ్గు రావడం లేదు.