బస్తాకు తొమ్మిది తట్టలు

మొన్న మా అక్క మనవరాలిని కొత్తగూడలో కొత్తగా చేర్పించిన లెక్కల ట్యూషన్‌కు తీసుకువెళ్తే, వెంట వచ్చిన బావ ఆ భవనాన్ని చూడగానే రోడ్డుకు అవతలే ఆగిపోయాడు. ఎందుకాగాడో నాకు తెలుసు.

అక్కడ ఫ్లైఓవర్ లేని, బండలు పగలగొట్టే చప్పుడుతో తెల్లవారే తొంభైల చివరి రోజులవి. కాలేజీ ముఖం చూడని నేను గుమాస్తా ఉద్యోగ పరీక్ష కోసం మేస్త్రీ అయిన బావ కిరాయి గదిలో ఉంటూ, రెండు బస్సులు మారి నగరంలోని గ్రంథాలయానికి పోయి, అట్ట ఊడిన అంకగణితం పుస్తకంలోని నిష్పత్తుల లెక్కలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. మీలోనూ ఎందరో అలాగే చదువుకొని ఉంటారు. పాలూ నీళ్లూ కలిపినా, రెండు రకాల బియ్యం కలిపినా చిటికెలో పాళ్లు తేల్చేస్తానని గర్వంగా ఉండేది.

ఆ గర్వంతోనే ఒక పొద్దున బావకు అన్నం గిన్నె ఇవ్వడానికి, అప్పుడు కడుతున్న ఈ భవనం దగ్గరికే వెళ్లి, రెండో అంతస్తు స్లాబ్‌కు కూలీలు కలుపుతున్న మాలును లెక్కపెట్టాను. బస్తా సిమెంటంటే మూడు తట్టలు. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర అని బావే చెప్పాడు గనుక ఆరు తట్టల ఇసుక, పన్నెండు తట్టల కంకర పడాలి. తొమ్మిది, పద్దెనిమిది పడుతున్నాయి.

"బావా, సిమెంటు తక్కువైంది. రేపు ఎవరి నెత్తినైనా పడితే?"

బావ ముఖం నల్లబడింది. "కాంట్రాక్టర్ గిట్లనే కలపమన్నడు. నోరు తెరిస్తె నా పని పోతది, గది పోతది, నీ పరీక్ష గూడ పోతది. ఇగ ఊకో, లెక్కల పంతులూ."

ఊరుకున్నాను. పరీక్షలో సిమెంటు, ఇసుకల లెక్కే వచ్చింది. అర నిమిషంలో సరైన జవాబు గుర్తించాను. ఉద్యోగమూ వచ్చింది.

మొన్న మొదటి అంతస్తులో పిల్లను కూర్చోబెట్టి తలెత్తి చూస్తే, కొత్త రంగు కింద నుంచి పొడుగాటి పగులు కనిపించింది. పిల్లకు ఒంట్లో బాగాలేదని టీచరుకు అబద్ధం చెప్పి చెయ్యి పట్టుకొని లేపాను.

"తాతా, లెక్క సగంలో ఉంది!"

కింద నుంచి బావ గొంతు వినిపించింది. "జల్ది దిగు బిడ్డా!"

బండల చోట అద్దాల మేడలు లేచాయి. ఉద్యోగం చేసి దిగిపోయిన నాకు ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా ఆనాటిలాగే ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చేశాను. గుమ్మం దగ్గర వెనక్కి చూస్తే, మిగతా పిల్లలు ఆ స్లాబ్ కింద తలలు వంచుకొని నిష్పత్తులు చేస్తూనే ఉన్నారు.