ట్యులిప్పుల మధ్య తాలింపు

తోట చూడటానికి వెళ్ళినవాడు ఉత్త చేతులతో తిరిగి రాడనుకోవడం నా తెలివితక్కువతనం. మనలో ఎవరి పెరట్లోకి వెళ్ళినా వచ్చేటప్పుడు ఏ కొమ్మో, పిలకో, నాలుగు బెండకాయలో చేతికొస్తాయి కదా! ఇంగ్లీషు తోటకి ఆ తెలుగు రాదని నాకెవరూ చెప్పలేదు.

పోయిన చలికాలం మా కరివేపాకు మొక్క చచ్చిపోయింది. దానికోసం మా ఆవిడ పడ్డ దిగులులో పావు వంతు నాకు జ్వరమొచ్చినప్పుడు పడి ఉంటే, నేను మరికాస్త త్వరగా కోలుకునేవాణ్ణి. అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో తెలుగువాళ్ళందరూ అంకుల్ అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు. వాళ్ళింట్లో మనిషెత్తు కరివేపాకు చెట్టుందని ఆవిడ చెవిన పడింది. సరిగ్గా ఏప్రిల్‌లో ఆయన తన ఇంగ్లీష్ గార్డెన్ చూసి పొమ్మని అందరినీ పిలిచారు.

"పిలక తీసుకురండి. మొహమాటపడి చేతులూపుకుంటూ వచ్చారో, ఇక జన్మంతా మీ సాంబార్‌లో కొత్తిమీరే!" అని చెప్పి, తనకి ఆన్‌కాల్ డ్యూటీ ఉండటంతో నన్నొక్కణ్ణే పంపింది.

అంకుల్ వారం రోజులు ఇంగ్లండ్ చూసొచ్చి, మిగతా జీవితాన్ని దానికి రాసిచ్చేశారు. గీత గీసినట్టు కత్తిరించిన పొదలు, వాటి మధ్య ట్యులిప్పులు, కూర్చోకూడని బెంచీ. ఆయన వెనకాల మేమంతా బాతుల్లా నడిచాం. ప్రతి పువ్వునీ పేరుపెట్టి మాకు పరిచయం చేశారు గానీ, మమ్మల్ని ఒకరికొకరిని పరిచయం చేయడం మరిచిపోయారు.

ఏదైనా కావాలంటే మనం నేరుగా అడగం, ముందు పొగుడుతాం. నేనూ పొగిడాను.

"అద్భుతం అంకుల్! నాకు తోటపనంటే ప్రాణం." ఆయన మొహం విచ్చుకుంది. ఇదే అదననుకుని, "మీ దగ్గర కరివేపాకు చెట్టుందట... ఓ చిన్న పిలక..." అని నసిగాను.

విచ్చుకున్న మొహం మళ్ళీ మొగ్గయింది. "కరివేపాకా? థీమ్ మొత్తం స్పాయిల్ అవుతుందని గరాజ్‌లో పెట్టించానయ్యా దాన్ని. అయినా గార్డెన్ చూడ్డానికొచ్చి మొక్కలడగడం ఎటికెట్ కాదు. మనవాళ్ళింతే, ఏది చూసినా పోపులో వేసేద్దామనే చూస్తారు!"

అందరూ నవ్వారు. కరివేపాకుని కూడా కరివేపాకులా తీసి పక్కన పెట్టగల మనిషిని మొదటిసారి చూశాను. ఆయన అంతటితో ఆగలేదు. "తోటపనంటే ప్రాణమన్నావుగా? గరాజ్‌లో మల్చ్, అదే చెక్కపొట్టు బస్తా ఉంది, పట్రా. ఈ మొక్కల మొదట్లో పరుద్దువుగాని."

పక్క తలుపు తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. అక్కడ కిటికీ పక్కన పెద్ద కుండీలో పిల్లల కోడిలా చెట్టు, చుట్టూ పిలకలు. పక్కనే, ఇంట్లో పోపు వాసన పట్టకుండా పెట్టుకున్న స్టవ్ మీద ఆంటీ పులిహోరకి పోపు వేస్తున్నారు.

"తలుపు వేసెయ్ బాబూ! ఈ వాసన తోటలోకి పోయిందంటే మీ అంకుల్ నన్ను బతకనివ్వరు. మీకందరికీ కీరా శాండ్‌విచ్‌లేనట. ఇది మా ఇద్దరికీ."

"ఇద్దరికి ఇంత గిన్నెడా ఆంటీ?"

"ఎవరైనా అడుగుతారేమోనని... చెయ్యి ఊరుకోదు."

నా చూపు ఎటుందో ఆవిడ కనిపెట్టారు. నోరు తెరిచి అడిగే లోపే వేరుతో సహా ఓ పిలక పెకలించి, ఖాళీ పెరుగు డబ్బాలో పెట్టి చేతికిచ్చారు. వచ్చిన పని అయిపోయింది. వెళ్ళిపోవచ్చు. కానీ నా పరువు ఇంకా ఆ ట్యులిప్పుల దగ్గరే పడి ఉంది.

బస్తా భుజానికెత్తుకుని, గోడ మీదున్న బటన్ నొక్కాను. గరాజ్ పెద్ద తలుపు గరగరమంటూ పైకి లేచింది. ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు మూడూ కలిసి తోటలోకి షికారు వెళ్ళాయి. పూల మీదకి వంగిన తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

"అబ్బ, పులిహోర!" అంది ఒకావిడ.

"అదటుంచు, ఆ చెట్టు చూడవే! ఆంటీ, నాకో పిలక!"

"నాకూ!"

అందరూ గరాజ్‌లోకి వచ్చేశారు. ఆంటీ వెలిగిపోతున్న మొహంతో పేపర్ ప్లేట్లు వెతకసాగారు. తోటలో అంకుల్ ఒక్కరే ఇంగ్లీషులో మిగిలిపోయారు.

"ఎవడయ్యా గరాజ్ ఓపెన్ చేసింది?" అని అక్కణ్ణుంచే అరిచారు.

"నేనే అంకుల్," అన్నాను ఎంతో వినయంగా. "బస్తా లావుగా ఉందండీ, చిన్న తలుపులో పట్టలేదు."