బురుల్ అక్క కట్టిచ్చిన మూట

మా ప్రార్థన ఇంట్లో బాప్తిస్మం కోరుకునేవాళ్ళు సంఘం ముందు నిలబడాలి. ఎవరైనా ఏ ప్రశ్నయినా అడగవచ్చు. బాప్తిస్మం ఇచ్చే చూయ్ నది నీళ్ళు కాస్త చలి విడిచే వేసవిలో, ఏడాదికొకసారి జరుగుతుంది ఇది. ఆ రోజు ముసలివాళ్ళకు ఎక్కడలేని హుషారు. నా వంతు వచ్చినప్పుడు ఒకాయన నోవహు భార్య పేరు అడిగాడు. ఆ పేరు బైబిల్లో లేదని ఆయనకూ తెలుసు. అందుకే ఆ పరీక్షంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

కిందటేడు బురుల్ అక్క నిలబడింది. మా వీధి చివరి ఇల్లు ఆమెది. అరవై దాటాయి, పిల్లల్లేరు, భర్త పోయాడు. ప్రశ్న వేసింది సంఘపెద్ద కొర్నెయ్. తాతలనాడే మా ఊళ్ళో స్థిరపడ్డ జర్మన్ కుటుంబం మనిషి, వడ్రంగి. మాట కూడా చెక్కను కొలిచి కోసినట్టే ఉంటుంది.

“చెల్లెమ్మా, దేవుడు ఈ లోకాన్ని ఎందుకు సృష్టించాడు?”

“ఏదో అవసరం పడి ఉంటుందన్నా. అవసరం లేకుండా ఎవరైనా ఎవరినైనా తెచ్చుకుంటారా?”

వెనక బల్లల మీద నవ్వులు. కొర్నెయ్ నవ్వలేదు.

“దేవుడికి లోటు ఉంటుందా?”

“మరి నన్నెందుకు చేసినట్టు?” అంది అక్క, నిజంగానే తెలియక.

ఇంకో ఏడాది ఆగుదామన్నాడు ఆయన. నాకు చిర్రెత్తుకొచ్చింది. అక్క మాత్రం ఇంటికి వెళ్ళి, ఉన్నితివాచీలన్నీ బయటికీడ్చి చీకటి పడేదాకా కర్రతో దులిపింది.

ఆమె అలా ఎందుకు చెప్పిందో నవ్వినవాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. తల్లి పోయినప్పుడు బాబాయి ఆమెను తీసుకెళ్ళాడు. కొండమీద గొర్రెపిల్లలను చూసుకునే మనిషి కావాలి ఆయనకు. తర్వాత మోకాళ్ళు పట్టేసిన ఒకావిడ ఆమెను కోడలిగా తెచ్చుకుంది, టీ పోయడానికి, రొట్టె కాల్చడానికి. అత్త పోయాక భర్త మంచం పట్టాడు. అప్పుడు ఆయనకు కావలసి వచ్చింది. మా ప్రార్థన ఇంటికి ఆమె మొదటిసారి వచ్చింది కూడా విందుకి బంగాళదుంపలు చెక్కు తీయడానికే. లాక్కొచ్చింది నేనే. దుంపలు అయిపోయాక పాటలు విని కూర్చుండిపోయింది.

తివాచీలు మడుస్తూ ఆ రాత్రి నాతో అంది: “ఇప్పుడు నేను ఎవరికీ పనికిరాను సాకిన్. దేవుడికైనా పనికొస్తాననుకున్నా. ఆయనకీ అక్కర్లేదంటే ఇంక నేనెక్కడికి పోవాలే?”

వచ్చే ఏటి పరీక్షకని పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఒకటి నేర్పాను: “తన మహిమ కోసం.” అంట్లు తోముతూ వల్లె వేసేది. “మహిమంటే ఏంటే?” అని అడిగితే, “ముందు బట్టీ పట్టు, అర్థం తర్వాత” అనేదాన్ని. నాకు తెలిస్తే కదా!

వసంతంలో ఒక మధ్యాహ్నం కొర్నెయ్ ఆమె ఇంటివైపు వెళ్తూ కనబడ్డాడు. నేను ఊరుకుంటానా? ఉప్పు అడిగే వంకతో వెనకాలే దూరాను. అప్పటికే అక్క నేలమీద బట్ట పరిచి బోర్సోక్ పోసేసింది. నూనెలో పొంగించిన ఈ పిండిముక్కలను మేము పళ్ళెంలో పెట్టం, బట్టంతా కప్పేలా గుమ్మరిస్తాం. వాటి మధ్య వెన్న, కిస్‌మిస్, ఆప్రికాట్ జామ్. పొయ్యిమీద మాంసం ఉడుకుతోంది.

పెద్దాయన ఒక ముక్క కొరికి తలుపు వైపు చూశాడు. ఇంకొకటి తీసుకుని మళ్ళీ చూశాడు.

“మిగతావాళ్ళని కూడా రానీ చెల్లెమ్మా. నేనే తినేస్తే వాళ్ళకి తక్కువైపోతుంది.”

“మిగతావాళ్ళెవరన్నా? మీరే.”

“నా ఒక్కడికా ఇదంతా?”

“మాటలు తర్వాత, ముందు తినండి.”

నాకు నవ్వు ఆగలేదు. వాళ్ళింట్లో మనుషులను చూసి దుంపలు లెక్కపెట్టి ఉడకేస్తారు మరి. ఆయన లేచేటప్పుడు అక్క మిగిలినదంతా మూటగట్టి చేతిలో పెట్టింది. విందునుంచి ఇంటికి పట్టుకెళ్ళే ఆ భాగాన్ని కెషిక్ అంటాం. ఆయన వద్దనబోయాడు.

“కెషిక్ వద్దన్నాక మా వీధిలో మళ్ళీ ఎలా తిరుగుతారో నేనూ చూస్తా!” అన్నాను.

మూట చంకలో పెట్టుకున్నాడు. సృష్టి గురించి ఆ రోజు ఒక్క మాటా రాలేదు. వచ్చిన పని మరిచిపోయాడనుకున్నాను.

మళ్ళీ వేసవి వచ్చింది. అక్క ముందు నిలబడింది. మళ్ళీ ఆయనే, మళ్ళీ అదే ప్రశ్న.

“తన మహిమ కోసం” అంది అక్క ఒక్క గుక్కలో.

“మహిమంటే?”

అక్క నావైపు చూసింది. నేను పైకప్పు చూశాను. ఈ ఏడు కూడా పోయినట్టేనని ఆ ముసలాయన్ని లోలోపల తిట్టుకున్నాను.

“సరే, ఇది చెప్పు” అన్నాడు కొర్నెయ్. “నేను మీ ఇంటికొచ్చిన రోజు నీకు ఆకలిగా ఉందా?”

“లేదన్నా, అప్పుడే తిన్నా.”

“నాతో పనేమైనా పడిందా? తలుపు బాగు చేయించుకోవాలనో, ఇంకోటో?”

“మీతో నాకు పనేంటన్నా?”

“మరి అంత ఎందుకు పోశావు?”

“అదేం మాటన్నా!” అక్క పరీక్ష సంగతే మరిచిపోయింది. “మనిషి గుమ్మం తొక్కాడు. సంతోషం వేసింది. సంతోషమేస్తే కొలిచి పెడతామా? నాకున్నది మీరూ తినాలి, మీ ఇంటావిడా తినాలి. అంతే!”

“మూట విప్పి తిన్నాక మా ఆవిడ అగాత ఏమందో తెలుసా? ‘ఈ తల్లి ఎవరో గానీ చల్లగా ఉండాలి’ అంది. ఆ మాట కోసమేనా పెట్టావు?”

“అయ్యో, లేదన్నా.”

“అయినా వచ్చింది. మహిమంటే నాకు తెలిసింది అదే చెల్లెమ్మా. దేవుడు ఏదో లోటుండి చేయలేదు ఈ లోకాన్ని. నిండుగా ఉండి చేశాడు, తనకున్నది మనమూ తినాలని. తిన్నవాళ్ళ నోట ఆ మాట దానంతటదే వస్తుంది.”

ఎవరూ నవ్వలేదు. అక్క తలగుడ్డ అంచు వేలికి చుట్టుకుంది.

“అంటే... నాతో ఏ పనీ లేకుండానే నన్ను చేశాడా?”

“ఏ పనీ లేకుండానే.”

“ఊరికే? సంతోషమేసి?”

“అవును చెల్లెమ్మా.”

అక్క అక్కడే ముఖం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ముసలాయన్ని తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు నన్ను ఆ ప్రార్థన ఇంట్లో కూర్చోబెట్టినందుకు దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా తీరదు.

ఆదివారం నదిలో బాప్తిస్మం అయింది. ఒడ్డున టీ నీళ్ళు కాగే సమోవార్ పెట్టాం, బట్ట పరిచాం. తడి జుట్టుతోనే అక్క అలవాటుగా టీ పోయడానికి వెళ్ళబోయి, ఆగి, మా అందరి మధ్యా వచ్చి చతికిలబడింది. ఆమె ఎవరిచేతనైనా టీ పోయించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పోసింది అగాత వదిన. పాపం జర్మన్ మనిషి, మా మర్యాద తెలియక కప్పు అంచుదాకా నింపేసింది. మాలో అలా నింపితే, తాగి ఇక దయచేయమని అర్థం. నేను నాలుక కరుచుకున్నాను.

అక్క ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. కానీ లేవలేదు. ఇంకా బాగా సర్దుకుని కూర్చుని, కప్పు మళ్ళీ చాపింది.

“ఇంకా పొయ్ వదినా” అంది.